లారీలు తగలని గుట్టల దారులు: వరంగల్ నుంచి ఉట్నూరు దాకా రోడ్డు సైక్లింగ్

హనుమకొండలో సైకిల్ కొన్న ప్రతివాడూ మొదటి నెలలోనే ఫోన్లో రామప్ప అని కొట్టి, అది చూపించిన దారినే పట్టుకుని పోతాడు. ఫోను చూపించేది కారు దారి, అంటే జాతీయ రహదారి 163. ఆత్మకూరు దాటగానే గోదావరి ఇసుక లారీలు మొదలవుతాయి. ములుగు చేరేసరికి కాళ్లకంటే ముందు మెడ పట్టేస్తుంది, వెనక్కి తిరిగి చూసీ చూసీ. ఆ మర్నాటి నుంచి సైకిల్ బాల్కనీలో ఉంటుంది.

మన వైపు ప్రశాంతమైన రోడ్లకు కొదవ లేదు. కాకపోతే అవి ఎప్పుడూ ప్రశాంతంగా ఉండవు. జూన్‌లో మనిషి కనిపించని రోడ్డు మీద నవంబరులో సగం దాకా వడ్లు ఆరబోసి ఉంటాయి. అందుకే దారి వెతకడం కంటే ముందు, ఏ సరుకు ఏ నెలలో ఎటు పోతుందో తెలుసుకోవాలి.

గుట్టలు ఎక్కడున్నాయి

వరంగల్ చుట్టూ నేల సముద్ర మట్టానికి 270 మీటర్ల అటూ ఇటూ ఉంటుంది. ఇక్కడి గుట్టలు విడివిడి రాతి దిబ్బలు. రోడ్డు వాటి మీదికి ఎక్కదు, చుట్టూ తిరిగిపోతుంది. కాబట్టి ఇంటి దగ్గర దొరికేది ఘాట్ కాదు, అలల్లాంటి ఎత్తుపల్లాలు. తూర్పున పాకాల, ములుగు అడవుల్లోకి పోతే ఆ అలలు పొడవవుతాయి. మలుపులు తిరుగుతూ కిలోమీటర్ల కొద్దీ ఎక్కే అసలైన ఘాట్ రోడ్డు కావాలంటే ఉత్తరాన నిర్మల్, ఉట్నూరు, కెరమెరి పోవాల్సిందే. సహ్యాద్రి కొసలుగా వచ్చిన సత్మల గుట్టలు ఉన్నది అక్కడే. మొదట ఇంటి దగ్గరవి, తర్వాత ములుగు వైపు, ఆఖరున ఉట్నూరు వైపు. ఈ వరస తప్పించి నేరుగా ఘాట్‌కు పోయినవాళ్లు సగం దూరం సైకిల్‌ను నడిపించుకుంటూ వస్తారు.

సరుకు క్యాలెండరు

ఇసుక లారీలు ఏటూరునాగారం, మంగపేట వైపు నుంచి 163 మీదుగా, మహదేవపూర్ వైపు నుంచి భూపాలపల్లి, పరకాల మీదుగా దిగుతాయి. భూపాలపల్లి దగ్గర బొగ్గు గనులు, చెల్పూరులో కాకతీయ థర్మల్ కేంద్రం ఉన్నాయి కాబట్టి ఆ చుట్టుపక్కల టిప్పర్లు రాత్రీ పగలూ తిరుగుతాయి. పరకాల, గీసుగొండ వైపు కొత్త జాతీయ రహదారి 163జీ పనులు జరిగే చోట్ల మొరం లారీలు అదనం. కరీంనగర్ చుట్టూ గ్రానైటు బండల లారీలు. ఈ రోడ్లను దాటాలే తప్ప, వాటి మీద పది కిలోమీటర్లకు మించి తొక్కే ప్లాను వేయొద్దు.

అక్టోబరు నుంచి జనవరి దాకా పత్తి. ఏనుమాముల మార్కెట్‌కు వచ్చే డీసీఎం వ్యాన్లలో పత్తి రెండు పక్కలా బయటికి ఉబ్బి ఉంటుంది. డ్రైవరుకు అద్దంలో మీరు కనపడరు. ఆ ఉబ్బు మీ భుజానికి తగిలేదాకా బండి ఎంత వెడల్పుందో మీకూ తెలియదు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మిర్చి వంతు. మార్కెట్ బండ్లు రాత్రి బయల్దేరి తెల్లారేసరికి ఊళ్లోకి వస్తాయి కాబట్టి, నర్సంపేట రోడ్డు మీద ఉదయం ఆరు గంటలంటే ప్రశాంతమని నమ్మొద్దు.

వానాకాలం వడ్లు నవంబరు, డిసెంబరులో, యాసంగి వడ్లు ఏప్రిల్, మేలో రోడ్డెక్కుతాయి. దీన్ని కాస్త దగ్గరగా చూడాలి. రైతు రోడ్డులో సగం మీద వడ్లు నెరిపి, బండ్లు ఎక్కకుండా అంచు పొడవునా తలకాయంత రాళ్లు పేరుస్తాడు. సాయంత్రం కుప్ప చేసి పైన టార్పాలిన్ కప్పుతాడు. వడ్లు ఎత్తుకుపోయాక కూడా రాళ్లు అక్కడే మిగిలిపోతాయి. చీకట్లో నల్ల తారు మీద నల్ల రాయి కనపడదు. ఈ రెండు కాలాల్లో తెల్లారకముందు పల్లె రోడ్డు తొక్కొద్దనేది అందుకే. వడ్ల మీదికి టైరు పోనివ్వడమూ తప్పే. పంట మీద తొక్కడం మర్యాద కాదన్నది ఒకటైతే, గింజలు గోలీల్లా దొర్లి ముందు చక్రం పక్కకు జారడం ఇంకొకటి.

జాతరలు వేరే లెక్క. మేడారం సమ్మక్క-సారలమ్మ జాతర రెండేళ్లకోసారి మాఘ మాసంలో వస్తుంది. 2024లో, 2026లో జరిగింది. జాతరకు నెల ముందు నుంచే మొక్కులకు జనం పోతుంటారు. నడిమి సంవత్సరంలో మినీ జాతర ఉంటుంది. ఆ వారాల్లో పస్రా, తాడ్వాయి రోడ్లను మరిచిపోండి. కేస్లాపూర్ నాగోబా జాతర పుష్య అమావాస్యకు మొదలవుతుంది, అప్పుడు ఇంద్రవెల్లి, ఉట్నూరు వైపు రద్దీ. సంక్రాంతికి ఐనవోలు మల్లన్న దారి కూడా అంతే.

దారి గీయడం

రోడ్డు పక్క కిలోమీటరు రాళ్ల తలలు గమనించండి. పసుపు తల ఉంటే జాతీయ రహదారి, ఆకుపచ్చ ఉంటే రాష్ట్ర రహదారి, నారింజ రంగు ఉంటే పల్లె రోడ్డు. మీకు కావలసింది నారింజ తల రాయి. పసుపు రాయి మీద మొదలై నారింజ రాయి మీద ముగిసే దారి దొరికితే సగం పని అయినట్టే.

ఇంటి దగ్గర ఈ వరసలో చేయండి:

1. వెళ్లాలనుకున్న చోటికి ఫోన్ చూపే దారిని చూసి, అందులో జాతీయ రహదారి ఎన్ని కిలోమీటర్లుందో లెక్కపెట్టండి. పదికి మించితే ఆ ముక్కను కారులోనో ట్రాలీ ఆటోలోనో దాటే ఏర్పాటు చేసుకోండి.

2. మ్యాపును ఉపగ్రహ చిత్రంలోకి మార్చి, మిగిలిన రోడ్డు వెంట వేలితో నడవండి. బూడిద రంగు గీత సన్నగా, ఒకే రంగులో ఉంటే తారు. ఎర్రగా మారితే మొరం. మొరం రెండు కిలోమీటర్లకు మించితే సన్న టైర్ల సైకిల్‌తో పోవద్దు.

3. వాగులు దాటే చోట్లు గుర్తుపెట్టుకోండి. వంతెన ఎత్తుగా ఉందా, లో లెవల్ కల్వర్టా అన్నది చిత్రంలో నీడను బట్టి తెలుస్తుంది. ఎత్తు వంతెనకు నీడ పడుతుంది, కల్వర్టుకు పడదు.

4. ఎత్తు లెక్క తీయండి. సైకిల్ యాప్‌లో దారి గీస్తే మొత్తం ఎన్ని మీటర్ల ఎక్కుడో చెబుతుంది. కిలోమీటరుకు 60 మీటర్లు ఎక్కితే అది 6 శాతం వాలు. 3 శాతం దాకా మామూలు మనిషి మాట్లాడుతూ తొక్కుతాడు. 6 శాతంలో మాటలు ఆగుతాయి. 9 దాటితే గేరు చాలని సైకిల్ కూడా ఆగుతుంది.

5. సమయం వేసుకోండి. చదునులో మీ సగటు గంటకు 18 కి.మీ. అనుకుంటే, 60 కిలోమీటర్లకు మూడు గంటల ఇరవై నిమిషాలు. ప్రతి 100 మీటర్ల ఎక్కుడుకు పది నిమిషాలు కలపండి. 400 మీటర్లకు 40 నిమిషాలు. మొత్తం నాలుగు గంటలు, ఆగడాలకు ముప్పావు గంట. ఆరింటికి బయల్దేరితే పదకొండుకు ముందే నీడకు చేరతారు.

మ్యాపును ఫోన్‌లోకి ముందే దించుకోండి. తాడ్వాయి, మేడారం అడవిలో, ఉట్నూరు లోపలి గూడేల వైపు సిగ్నల్ చాలా చోట్ల ఉండదు.

గేరు లెక్క

గుట్ట దారిలో సైకిల్ ఖరీదు ముఖ్యం కాదు, అతి తేలిక గేరు ఎంత అన్నదే ముఖ్యం. ముందు చైన్‌రింగు, అంటే పెడళ్ల దగ్గరి పళ్ల చక్రం, దాని పళ్లను వెనక అతి పెద్ద పళ్ల చక్రం పళ్లతో భాగించండి. ముందు 34, వెనక 34 ఉంటే 1. ముందు 28, వెనక 32 ఉన్న హైబ్రిడ్‌లో 0.875. మామూలు నల్ల సైకిల్లో ముందు 44, వెనక 18, అంటే దాదాపు 2.4.

ఈ అంకె ఏం చెబుతుందంటే, అంకె 1 వచ్చే గేరులో నిమిషానికి 60 సార్లు పెడల్ తిప్పితే సైకిల్ గంటకు 7.7 కి.మీ. వేగంతో పోతుంది. సైకిల్‌తో కలిపి 80 కిలోల బరువుతో 6 శాతం వాలు ఈ వేగంతో ఎక్కడానికి దాదాపు 120 వాట్ల శక్తి కావాలి, మామూలు ఆరోగ్యం ఉన్న మనిషి పెట్టగలిగేదే. అదే నల్ల సైకిల్లో 50 సార్లు తిప్పినా వేగం 16 దగ్గర ఉంటుంది, శక్తి రెట్టింపు కావాలి. అందుకే దాన్ని ఘాట్‌లో నడిపించుకుంటూ పోతారు, అందులో చిన్నతనమేం లేదు.

మీ అంకె 1.2 కంటే ఎక్కువుంటే, క్రాంకు (పెడళ్లు, చైన్‌రింగు ఉండే భాగం) మార్చే ముందు వెనక క్యాసెట్టు, అంటే పళ్ల చక్రాల గుత్తి, మార్చండి. 11-28 తీసి 11-32 లేదా 11-34 వేయించడం చవక. అయితే వెనక డీరైలర్, అంటే చైనును ఒక పళ్ల చక్రం నుంచి ఇంకోదాని మీదికి జరిపే భాగం, ఎన్ని పళ్ల దాకా మోస్తుందో షాపులో అడిగి తెలుసుకోవాలి, చైను కూడా పొడవు పెంచాల్సి వస్తుంది. పాత చైను కొత్త క్యాసెట్టు మీద వేస్తే ఎక్కుడులో పట్టు జారి ఎగిరెగిరి పడుతుంది. రెండూ కలిపి మార్చడమే మేలు.

టైర్లు, పల్లేరు కాయలు

మన పల్లె రోడ్లకు 28 మి.మీ. టైరు కనీసం, 32 మంచిది, అడవి రోడ్లకు 35 అయితే ఇంకా మంచిది. 70 కిలోల మనిషికి 32 టైరులో వెనక 65 నుంచి 70 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత), ముందు 55 నుంచి 60 చాలు. 35 టైరులో పది తగ్గించండి. టైరు పక్కన అచ్చు వేసిన గరిష్ఠాన్ని దాటొద్దు. ఎండాకాలం ఉదయం 25 డిగ్రీల్లో కొట్టిన గాలి 45 డిగ్రీల ఎండలో నాలుగైదు పీఎస్ఐ పెరుగుతుంది, కాబట్టి అంచుదాకా కొట్టి ఎండలో నిలబెట్టకండి.

మన దగ్గర పంక్చర్లలో చాలావాటికి కారణం రెండు. ఒకటి సర్కారు తుమ్మ ముల్లు. రెండోది పల్లేరు కాయ. పల్లేరు నేలమీద పాకే తీగ, పసుపు పూలు పూస్తుంది. కాయ ఎలా పడినా ఒక ముల్లు పైకే ఉంటుంది. వానలు ఆగి తీగ ఎండాక, అంటే అక్టోబరు నుంచి, రోడ్డు అంచు మొరంలో ఈ కాయలు చల్లినట్టు ఉంటాయి. లారీ వస్తుందని దిగి మొరంలో పది అడుగులు తొక్కితే చాలు, రెండు చక్రాలూ పోతాయి. దిగాల్సి వస్తే ఆగి, సైకిల్ ఎత్తి పక్కన పెట్టండి. మళ్లీ ఎక్కే ముందు టైర్లు చేత్తో తుడవండి, చేతికి గ్లౌజు ఉంటే మంచిది.

పంక్చర్ వేయడం చాలామందికి వచ్చు. తేడా కొట్టేది ఒకచోట: ట్యూబు మార్చి, ముల్లును టైరులోనే వదిలేసి, రెండు కిలోమీటర్ల తర్వాత మళ్లీ ఆగుతారు. దానికి ఇలా చేయండి. టైరు ఎక్కించేటప్పుడే దాని మీద ఉన్న కంపెనీ పేరు వాల్వు దగ్గరకు వచ్చేలా బిగించుకునే అలవాటు చేసుకోండి. ట్యూబు బయటికి తీసి గాలి కొట్టి చిల్లి ఎక్కడుందో చూడండి. వాల్వు నుంచి ఎన్ని జానల దూరమో కొలిచి, అంతే దూరంలో టైరు లోపల రెండు వైపులా వెతకండి, ట్యూబు ఏ వైపు తిప్పి పెట్టారో తెలియదు కదా. వేలితో తడిమితే ముల్లు గుచ్చుకుంటుంది, గుడ్డతో తుడవండి, గుడ్డ చిక్కుకున్న చోటే ముల్లుంటుంది. పల్లేరు ముల్లు విరిగి, తల మాత్రం రబ్బరులో దాగి ఉంటే పిన్నీసుతో లోపలి నుంచి బయటికి తోయండి.

ఒక చిల్లి పక్కన ఇంకోటి ఉంటే, పాము కాటులా జంటగా ఉంటే, అది ముల్లు కాదు. గాలి తక్కువై గుంతలో రిమ్ము ట్యూబును నొక్కింది. గాలి పెంచుకోవాలి.

పల్లెల్లో పంక్చర్ షాపు ప్రతి మండలంలో ఉంటుంది, కానీ వాళ్ల కంప్రెషర్ మోటారు సైకిళ్లకు, ట్రాక్టర్లకు. మీ సైకిల్‌కు సన్నని ప్రెస్టా వాల్వు ఉంటే ఆ పైపు పట్టదు. ఇత్తడి అడాప్టరు ఒకటి, వేలి గోరంత ఉంటుంది, చాలా తక్కువ ధర, వాల్వుకే తగిలించి ఉంచండి. కంప్రెషర్‌తో కొట్టించేటప్పుడు రెండు సెకన్లకోసారి ఆపించి వేలితో నొక్కి చూడండి. లారీ టైరులా పట్టుకుని వదిలితే ట్యూబు ఢామ్మంటుంది.

సంచిలో ఏముండాలి

రెండు ట్యూబులు, ప్యాచ్‌లు, రెండు టైరు లివర్లు, చిన్న పంపు, అలెన్ కీల సెట్టు, చైను బ్రేకరు, మీ చైనుకు సరిపోయే క్విక్ లింకు (తెగిన చైనును చేత్తో కలిపే కొక్కెం) రెండు. ఎక్కుడు మధ్యలో బలంగా తొక్కుతూ గేరు మార్చితే చైను తెగుతుంది. క్విక్ లింకు లేకపోతే అక్కడితో అయిపోయినట్టే. వెనక డీరైలర్ పట్టీ, అంటే హ్యాంగరు, మీ మోడల్‌ది ఒకటి అదనంగా ఉంచుకోండి. సైకిల్ కుడి పక్కకు పడితే మొదట వంగేది అదే, ఒక మోడల్‌ది ఇంకో మోడల్‌కు పట్టదు. అద్దం, గంట, వెనక ఎర్ర లైటు పగలు కూడా. ఒక పాత టైరు ముక్క, అగ్గిపెట్టెంత, టైరు చీరితే లోపల పెట్టడానికి. ఇంతే, ఎక్కువ మోయకండి.

నీళ్లు, తిండి

చలికాలంలో గంటన్నరకు లీటరు, ఎండలో గంటకు లీటరు. మన వైపు మేలో 43, 44 డిగ్రీలు మామూలే, ఆ నెలలో తొమ్మిది తర్వాత తొక్కడం పిచ్చిపని. రెండు గంటలు దాటితే ఉత్త నీళ్లు చాలవు. లీటరుకు ఒక ఓఆర్ఎస్ ప్యాకెట్టు, లేదా ఉప్పు, నిమ్మకాయ, చక్కెర. ఊళ్లో సల్ల దొరికితే ఇంకేమీ వద్దు.

గంటకోసారి ఏదో ఒకటి తినాలి, ఆకలి వేసేదాకా ఆగితే ఆలస్యమైనట్టే. అరటిపండు, పల్లిపట్టి జేబులో. సర్వపిండి ముందురోజు రాత్రి కాల్చుకుని తెచ్చుకుంటే చెడిపోదు, ఉప్పు కారం ఉంటాయి, చేత్తో పట్టుకుని తినొచ్చు. గుడాలు కూడా మంచివి. ఊరి హోటల్లో ఇడ్లీ సరే, పూరీ, బజ్జీ ఎక్కుడుకు ముందు వద్దు, కడుపులో రాయిలా ఉంటుంది. తాటివనంలో పొద్దున్నే కల్లు ఇస్తామంటారు. దిగుడు ఇంకా మిగిలే ఉందని గుర్తుపెట్టుకోండి.

దారులు

దేవునూరు, ఇనుపరాతి గుట్టలు. కాజీపేట నుంచి ధర్మసాగర్, అక్కడి నుంచి దేవునూరు. హనుమకొండ నుంచి రానుపోను 50 కి.మీ. అటూ ఇటూ. పెద్ద ఎక్కుడు లేదు, చిన్న చిన్న ఎత్తులు వరసగా ఉంటాయి. గేర్లు మార్చడం నేర్చుకోవడానికి ఇంతకంటే దగ్గరి చోటు లేదు. ధర్మసాగర్ దాకా ఉదయం ఏడు లోపే దాటేయండి, తర్వాత స్కూలు బస్సులు మొదలవుతాయి.

పాకాల. వరంగల్ నుంచి నర్సంపేట 40 కి.మీ. దాకా, అక్కడి నుంచి పాకాల చెరువు 12. గణపతిదేవుడి కాలంలో, 1213 ప్రాంతంలో కట్టిన చెరువిది. నర్సంపేట రోడ్డు రద్దీది, దాని మీద తొక్కి అలసిపోకండి, సైకిళ్లను నర్సంపేట దాకా ట్రాలీలో పంపండి. అసలు రోడ్డు పాకాల దాటాక మొదలవుతుంది. అక్కడి నుంచి కొత్తగూడ దాకా సుమారు 20 కి.మీ. అడవి, పొడవైన ఎత్తుపల్లాలు. గంటలో నాలుగైదు బండ్లు ఎదురైతే ఎక్కువ. ఈ కొత్తగూడ మహబూబాబాద్ జిల్లాలోది, కొత్తగూడెం వేరు. ఫోన్లో కొట్టేటప్పుడు ఈ పొరపాటు జరిగి వంద కిలోమీటర్ల దారి చూపిస్తుంది. జనవరి చివరి నుంచి టేకు ఆకులు రాలతాయి. మంచుకు తడిసిన టేకు ఆకు అరటి తొక్కతో సమానం, మలుపులో బ్రేకు పట్టొద్దు.

రామప్ప, గణపురం. సైకిళ్లు ములుగు దాకా కారులో, హనుమకొండ నుంచి 50 కి.మీ. అక్కడి నుంచి జంగాలపల్లి క్రాస్‌లో ఎడమకు తిరిగితే లారీలన్నీ నేరుగా పోతాయి, మీరు పక్కకు తప్పుకుంటారు. వెంకటాపూర్ మీదుగా పాలంపేట. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక ఆదివారాలు కార్లు బాగా పెరిగాయి, కాబట్టి వారం మధ్యలో పోండి, లేదా ఆదివారం ఎనిమిది లోపు గుడి చేరిపోండి. గుడి నుంచి గణపురం కోటగుళ్లు మరో పది కిలోమీటర్ల దగ్గర. అక్కడి నుంచి భూపాలపల్లి రోడ్డు ఎక్కాలన్న ఆశ పుడుతుంది, గుండ్రంగా తిరిగి వద్దామని. ఎక్కకండి. థర్మల్ కేంద్రం బూడిద మోసే టిప్పర్లు అటే. వచ్చిన దారినే తిరిగి రండి, వెలుతురు మారితే దారీ మారినట్టే ఉంటుంది.

పస్రా, తాడ్వాయి, మేడారం. జాతర లేని కాలంలో ఉత్తర తెలంగాణలో ఇంత పెద్ద అడవిలో ఇంత మంచి తారు ఇంకోటి లేదు. జాతర కోసం వేసిన వెడల్పు రోడ్లు, మిగతా కాలమంతా ఖాళీ. పస్రాలో మొదలుపెట్టి 163 మీద తాడ్వాయి సుమారు 15 కి.మీ., అక్కడి నుంచి మేడారం 14, మేడారం నుంచి నార్లాపూర్ మీదుగా తిరిగి పస్రా. జాతీయ రహదారి ముక్క ఇక్కడ పది కిలోమీటర్ల హద్దు దాటుతుంది, కాబట్టి దాన్ని పొద్దున్నే ముందుగా తొక్కేయండి, అప్పుడే కాళ్లు తాజాగా ఉంటాయి, లారీలూ తక్కువ. తిరుగు ప్రయాణమంతా అడవిలో. ఇంకా ఓపిక ఉంటే చల్వాయి దగ్గర లక్నవరం మలుపు, లోపలికి ఏడెనిమిది కిలోమీటర్లు.

ఘాట్లు. నిర్మల్ నుంచి నేరడిగొండ వైపు పాత రోడ్డులో మహబూబ్ ఘాట్ మొదటి ఘాట్‌గా సరైంది. నేరడిగొండ నుంచి కుంటాల జలపాతం 12 కి.మీ., దాని ఎత్తు 45 మీటర్లు. రెండోది కెరమెరి, ఉట్నూరు నుంచి ఆసిఫాబాద్ పోయే దారిలో. ఆసిఫాబాద్ వైపు పల్లం, ఉట్నూరు వైపు ఎత్తు. ఎక్కాలనుకుంటే ఆసిఫాబాద్ నుంచి, దిగాలనుకుంటే ఉట్నూరు నుంచి మొదలుపెట్టండి. అదే వైపు హట్టి దగ్గర జోడేఘాట్‌కు దారి చీలుతుంది, కుమ్రం భీం 1940లో నేలకొరిగిన చోటు. రైల్లో వచ్చేవాళ్లకు కాజీపేట, బల్హార్షా లైను మీద ఆసిఫాబాద్ రోడ్ స్టేషన్ ఉంది, అది ఆసిఫాబాద్ ఊళ్లో ఉండదు, రెబ్బెన దగ్గర. సైకిల్‌ను పార్సిల్ ఆఫీసులో బుక్ చేసేటప్పుడు బండి అక్కడ ఎంతసేపు ఆగుతుందో అడగండి. రెండు నిమిషాలే అయితే బ్రేకు వ్యాను, అంటే సామాను పెట్టె, నుంచి దించుకోవడం కష్టం.

జన్నారం నుంచి ఉట్నూరు రోడ్డు 2012లో ప్రకటించిన కవ్వాల్ టైగర్ రిజర్వులోంచి పోతుంది. రాత్రిపూట ఆంక్షలుంటాయి. చెక్‌పోస్టులో ముందే మాట్లాడి, పగలు మాత్రమే పోవాలి, తారు దిగి అడవి బాటలు పట్టకూడదు.

ఎక్కడం, దిగడం

వాలు మొదలయ్యాక కాదు, మొదలవబోతుండగా గేరు తగ్గించండి. బరువు పడిన చైను మీద గేరు మారదు, మారినా కిర్రుమంటుంది. కూర్చునే తొక్కండి, నిలబడటం హెయిర్‌పిన్ మలుపుల్లో నాలుగు తొక్కుళ్లకే. మలుపు లోపలి అంచు నిటారుగా ఉంటుంది, బయటి అంచు మెత్తగా ఉంటుంది. ఎదురు బండి లేదని చెవులు చెబితే మీ లైనులోనే కాస్త బయటి వైపు పట్టండి.

దిగేటప్పుడు ప్రమాదం ఎక్కువ. బ్రేకు పట్టుకునే ఉంచితే రిమ్ము బ్రేకుల సైకిల్లో రిమ్ము కాలిపోయి ట్యూబు పేలుతుంది, డిస్కు బ్రేకుల్లో పట్టు తగ్గిపోతుంది. గట్టిగా పట్టండి, వదలండి, మళ్లీ పట్టండి. మలుపుకు ముందే వేగం తగ్గించి, మలుపులో బ్రేకు వదిలేసి, బయటి కాలు కిందికి నొక్కి, పోవాల్సిన చోటే చూడండి. మలుపు లోపలి మూలలో కంకర పేరుకుని ఉంటుంది. ఘాట్‌లో ఆర్టీసీ బస్సు మలుపు తిరగాలంటే రోడ్డంతా కావాలి. హారన్ వినపడగానే మలుపుకు ముందే ఎడమకు ఆగిపోండి. చెవుల్లో పాటలు పెట్టుకుని ఘాట్ దిగేవాళ్లకు చెప్పడానికి ఏమీ లేదు.

అడవి, వాగు

మార్చి, ఏప్రిల్ ఇప్పపూల కాలం. చెట్ల కింద తెల్లారకముందే పూలు రాలతాయి, కోయ, గోండు కుటుంబాలు ఏరుకోవడానికి వస్తారు, ఎలుగుబంట్లూ వస్తాయి. పూలు తొక్కితే చక్రం జారుతుంది, ఎలుగుకు ఎదురుపోతే అంతకంటే ఘోరం. ఆ రెండు నెలలు సూర్యోదయం తర్వాతే అడవిలోకి పోండి, గంట కొడుతూ పోండి. చెట్టు కింద ఉన్న మనుషులకు ముందు వినపడేది మీ గంటే.

జూలై నుంచి సెప్టెంబరు దాకా వాగులు. 2023 జూలై 27 ఉదయానికి ముగిసిన ఒక్కరోజులో వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో దాదాపు 650 మి.మీ. వాన పడింది, అదే రోజు మోరంచపల్లిని వాగు ముంచెత్తింది. కల్వర్టు మీద నీళ్లు పారుతుంటే లోతు ఎంతున్నా సైకిల్‌తో దిగొద్దు. కింద తారు కొట్టుకుపోయిందో లేదో ఎర్ర నీళ్లలో కనపడదు. ఊరివాళ్లు బైకు మీద దాటుతున్నారు కదా అని దాటొద్దు, వాళ్లకు ఆ కల్వర్టు కాలి కింద తెలుసు. వెనక్కి రండి. 2024 ఆగస్టు 31న తాడ్వాయి అడవిలో ఒక్క గాలికి వేల చెట్లు కూలాయి, కాబట్టి ఉరుముల రోజున అడవి రోడ్డు అసలే వద్దు.

కుక్కలు తరిమితే దిగండి, సైకిల్‌ను మధ్యలో అడ్డం పెట్టుకుని మెల్లగా నడవండి. ఆగిన మనిషిని చాలా కుక్కలు వదిలేస్తాయి. కరిస్తే పదిహేను నిమిషాలు సబ్బుతో కడిగి, ఆ రోజే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పోవాలి. పాము కాటుకు కోయడం, కట్టడం ఏమీ చేయొద్దు, కదలకుండా ఉంచి 108కి ఫోన్. సిగ్నల్ లేకపోతే దారిలో వచ్చే ఏ బండి అయినా ఆపి దగ్గరి ఆస్పత్రికి తీసుకెళ్లాలి. అందుకే అడవి దారుల్లో కనీసం ముగ్గురు కలిసి పోతే, ఒకరు పడినవాళ్ల దగ్గర ఉండి ఇంకొకరు సిగ్నల్ వెతుక్కుంటూ పోవచ్చు.

ఇంటికి వచ్చాక చైను తుడిచి నూనె చుక్కలు వేయడం అందరికీ గుర్తుంటుంది. టైర్లు చూడటం గుర్తుండదు. రాత్రే దీపం కింద రెండు చక్రాలూ నెమ్మదిగా తిప్పి, రబ్బరులో దిగిన ముల్లు తలలు, గాజు ముక్కలు పిన్నీసుతో ఏరేయండి. విరిగిన పల్లేరు ముల్లు ట్యూబు దాకా చేరడానికి ఒక్కోసారి రెండు మూడు రైడ్లు పడుతుంది. పొద్దున లేచేసరికి గాలి సగం దిగి ఉంటే ట్యూబును బకెట్లో ముంచి చూడండి, వాల్వు మొదలు దగ్గర కూడా.